త్రీ మైల్ ఐలాండ్: ప్రజల తీర్పు, ప్రభువుల తీర్పు

పారిశ్రామిక ప్రమాదాల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ప్రమాదం జరిగిన రోజుతో మొదలుపెట్టి, ప్రమాదం అదుపులోకి వచ్చిన రోజుతో ముగిస్తారు. ఏ యంత్రం చెడిందో, ఏ ఉద్యోగి పొరబడ్డాడో, నష్టమెంతో తేలగానే చరిత్ర పూర్తయిందనుకుంటారు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 1979 మార్చి 28న జరిగిన త్రీ మైల్ ఐలాండ్ అణు ప్రమాదం గురించి వచ్చిన రచనల్లో చాలా భాగం ఇలాంటివే. కాని చరిత్ర విద్యార్థికి ముఖ్యమైన ఘట్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఆ ద్వీపంలో రెండు రియాక్టర్లున్నాయి. చెడిపోయింది రెండోది. చెడిపోని మొదటి రియాక్టరును తిరిగి నడపవచ్చునా, కూడదా అన్న వివాదం ఆరున్నరేళ్లు సాగింది. చుట్టుపక్కల ప్రజలు కూడదన్నారు. వాళ్ల మాట చెల్లలేదు. ఎందుకు చెల్లలేదు, ఏ పరిస్థితుల్లో చెల్లివుండేది అన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

ముందు ప్రమాదం సంగతి క్లుప్తంగా చెప్పుకోవాలి. త్రీ మైల్ ఐలాండ్ సస్క్వెహానా నది మధ్యనున్న చిన్న ద్వీపం. రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌కు పది మైళ్లు. పక్కనే మిడిల్‌టౌన్ అనే చిన్న పట్టణం, చుట్టూ పాడి పంటల పల్లెలు. విద్యుత్ కేంద్రం యాజమాన్యం మెట్రోపాలిటన్ ఎడిసన్ అనే ప్రైవేటు కంపెనీది. మొదటి రియాక్టరు 1974 సెప్టెంబరు నుంచి నడుస్తూ ఉన్నది. రెండోది 1978 డిసెంబరు 30న వ్యాపార ప్రాతిపదికన ఉత్పత్తి మొదలుపెట్టింది. అంటే ప్రమాదం నాటికి దానికి మూడు నెలలు.

ఆ రోజు తెల్లవారుజామున 4 గంటలకు నీటి పంపులు ఆగిపోయాయి. రియాక్టరు తనంతట తాను ఆగింది. పెరిగిన వత్తిడిని వదలటానికి తెరుచుకున్న ఒక వాల్వు తిరిగి మూసుకోవలసింది, మూసుకోలేదు. కంట్రోల్ గదిలోని దీపం మాత్రం మూసుకున్నట్టే చూపింది. ఎందుకంటే, మూసుకొమ్మని వాల్వుకు ఆజ్ఞ వెళ్లిందన్న సంగతే ఆ దీపం చెప్పగలదు. వాల్వు ఆ ఆజ్ఞను పాటించిందో లేదో చెప్పలేదు. తెరిచివున్న వాల్వులోంచి నీళ్లు పోతూనే ఉన్నాయి. లోపల నీళ్లు ఎక్కువయ్యాయని భ్రమించిన ఉద్యోగులు అత్యవసరంగా వస్తున్న చన్నీళ్లను కూడా తగ్గించారు. ఇంధనంలో దాదాపు సగం కరిగిపోయింది. ఆ సంగతి పూర్తిగా తెలియటానికి కొన్ని సంవత్సరాలు పట్టింది.

నేరమంతా ఆ ఉద్యోగుల మీదికి నెట్టటం చాలామందికి సౌకర్యంగా తోచింది. కాని, అధ్యక్షుడు కార్టర్ నియమించిన విచారణ సంఘం అలా నెట్టలేదు. గణితశాస్త్రజ్ఞుడు జాన్ కెమెనీ దాని అధ్యక్షుడు. 1977లో ఒహాయో రాష్ట్రంలోని డేవిస్-బెస్సీ కేంద్రంలో, అదే తయారీదారులైన బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ కంపెనీ రియాక్టరులో, ఇలాగే వాల్వు తెరుచుకుని ఉండిపోయింది. అక్కడి ఉద్యోగులు కూడా ఇలాగే పొరబడ్డారు. ఆ రియాక్టరు అప్పుడు తక్కువ శక్తితో నడుస్తున్నందువల్ల గండం గడిచింది. తయారీ కంపెనీలోని ఇంజనీర్లు కొందరు ఈ ప్రమాదాన్ని గుర్తించి పైవాళ్లకు రాశారు. ఆ హెచ్చరిక రియాక్టర్లు నడిపేవాళ్లకు చేరలేదు. అంటే త్రీ మైల్ ఐలాండ్ ఉద్యోగులకు తెలియని విషయం వాళ్లకు యంత్రం అమ్మిన కంపెనీకి తెలుసు.

ప్రజలకు ఆ వారమంతా అందిన సమాచారం ఎలాంటిది? మొదటి రోజు ఉదయం అంతా అదుపులో ఉన్నదని రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నరు చెప్పాడు. అదే రోజు తర్వాత, కంపెనీ తమకిచ్చిన సమాచారం సరైనది కాదని ఆయనే ఒప్పుకోవలసి వచ్చింది. మార్చి 30న గవర్నరు థార్న్‌బర్గ్, అయిదు మైళ్ల లోపలున్న గర్భిణీ స్త్రీలు, బడికెళ్లే వయసు రాని పిల్లలు వెళ్లిపోవటం మంచిదన్నాడు. ఆయన చెప్పింది కొద్ది వేలమందికే. ఇళ్లు వదిలి పోయింది సుమారు 1,40,000 మంది. అధికారుల మాటకూ ప్రజల నమ్మకానికీ మధ్య ఎంత దూరం ఏర్పడిందో ఈ రెండు అంకెల మధ్యనున్న దూరమే చెబుతుంది.

బయటికి వచ్చిన రేడియేషన్ వల్ల జరిగిన హాని మాటేమిటి? చుట్టుపక్కలున్న ఇరవై లక్షలమందిలో సగటు మనిషికి తగిలింది ఛాతీకి తీసే ఎక్స్‌రేలో తగిలే దానికంటే తక్కువ అని ప్రభుత్వ అంచనా. 1997లో స్టీవ్ వింగ్, ఆయన సహచరులు ఆ లెక్కలను మళ్లీ పరిశీలించి, క్యాన్సర్ వివరాలు ఆ అంచనాతో పొసగటం లేదని వాదించారు. శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ప్రభుత్వ అంచనానే అంగీకరించారు. మన వాదం ఈ లెక్క మీద ఆధారపడటం లేదు. ప్రభుత్వ అంచనా పూర్తిగా నిజమే అనుకుందాం. అప్పటికీ ప్రశ్న అలాగే మిగులుతుంది. కెమెనీ సంఘం కూడా ప్రజలకు జరిగిన ముఖ్యమైన హాని మనోవ్యథేనని తేల్చింది. ఆ మనోవ్యథను మళ్లీ ప్రజలపై పెట్టే హక్కు ఎవరికైనా ఉన్నదా అన్నదే మొదటి రియాక్టరు వివాదం.

ప్రమాదం జరిగిన రోజున మొదటి రియాక్టరు ఇంధనం మార్చటం కోసం ఆగి, మళ్లీ బయలుదేరటానికి సిద్ధంగా ఉన్నది. విచారణ జరిగేదాకా దాన్ని నడపకూడదని కేంద్ర ప్రభుత్వపు అణు నియంత్రణ కమిషన్ 1979 వేసవిలో ఉత్తర్వు చేసింది. అది ఆగివున్న ప్రతి రోజూ కంపెనీకి నష్టమే. రెండోది పోయింది, దాన్ని శుభ్రం చెయ్యటానికి దాదాపు వంద కోట్ల డాలర్లు కావాలి. వాడుకదారులకు ఇవ్వవలసిన కరెంటు బయట కొనాలి. నడవని రియాక్టరు మీద పెట్టిన పెట్టుబడిని వాడుకదారుల బిల్లుల్లో వసూలు చేసుకోవటానికి రాష్ట్ర సంఘం ఒప్పుకోలేదు. అందుచేత మొదటి రియాక్టరును తిప్పటం కంపెనీకి ప్రాణసమస్య అయింది. పర్యవసానమేమంటే, నష్టం తెచ్చిన సంస్థ ఆ నష్టం పూడ్చుకోవటానికి అదే పనిని, అదే చోట, అదే ప్రజల మధ్య మళ్లీ మొదలుపెట్టాలని అడిగింది.

దీన్ని వ్యతిరేకించినవాళ్లు ఎవరు? దేశంలో ఆ రోజుల్లో అణు వ్యతిరేక ఉద్యమం బలంగా ఉన్న మాట నిజమే. 1979 సెప్టెంబరులో న్యూయార్కులో జరిగిన సభకు సుమారు రెండు లక్షలమంది వచ్చారు. కాని త్రీ మైల్ ఐలాండ్ చుట్టుపక్కల ప్రాంతం తిరుగుబాట్లకు పేరుపడ్డది కాదు. చర్చికి వెళ్లేవాళ్లు, రిపబ్లికన్ పార్టీకి ఓటువేసేవాళ్లు, రైతులు, చిరుద్యోగులు, గృహిణులు అక్కడి జనం. ప్రమాదానికి ముందు విద్యుత్ కేంద్రం వాళ్లకు గర్వకారణమే. హారిస్‌బర్గ్‌లో 1977లోనే పుట్టిన 'త్రీ మైల్ ఐలాండ్ అలర్ట్' అంతవరకూ చిన్న సంఘం. ప్రమాదం తర్వాత మిడిల్‌టౌన్ ప్రాంతంలో 'పీపుల్ అగెనెస్ట్ న్యూక్లియర్ ఎనర్జీ', నది దిగువన లాంకాస్టర్‌లో 'సస్క్వెహానా వ్యాలీ అలయన్స్' ఏర్పడ్డాయి. లాంకాస్టర్ నగరం ఆ నది నీళ్లు కూడా తాగుతుంది. రేడియేషన్ కలిసిన నీళ్లను నదిలోకి వదలకుండా వాళ్లు కోర్టుకు వెళ్లి, 1980లో కంపెనీ చేతులు కొంతకాలం కట్టివెయ్యగలిగారు. అదే ఏడు వేసవిలో రెండో రియాక్టరు భవనంలో పేరుకున్న క్రిప్టాన్ వాయువును గాలిలోకి వదలటాన్ని మాత్రం ఆపలేకపోయారు.

ఈ ఉద్యమం గొప్పదనం ఒక విషయంలో ఉన్నది. అది కేకలతో ఆగిపోలేదు. విచారణ బోర్డు ముందు కక్షిదారులుగా చేరి, వేల పుటల సాంకేతిక పత్రాలు చదివి, కంపెనీ ఇంజనీర్లను ప్రశ్నించటానికి సామాన్యులు పూనుకున్నారు. కంపెనీ తరఫున జీతాలు తీసుకునే న్యాయవాదులు, నిపుణులు. వీళ్ల తరఫున సాయంకాలాలు, సెలవు రోజులు. అణు విషయాలు జనానికి అర్థం కావనే వాదాన్ని వాళ్లు ఆచరణలో పూర్వపక్షం చేశారు.

వాళ్ల భయానికి ఆధారాలు విచారణలోనే ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. రియాక్టరు నడిపే లైసెన్సు కోసం పెట్టిన పరీక్షల్లో మొదటి రియాక్టరు ఉద్యోగులు కొందరు కాపీ కొట్టారని 1981లో తెలిసి, ముగించిన విచారణను మళ్లీ తెరవవలసి వచ్చింది. అదే సంవత్సరం నవంబరులో, పనిలేకుండా నిలిచివున్న ఆ రియాక్టరు ఆవిరి యంత్రాల్లోని వేలాది గొట్టాలు తినివేతకు గురయ్యాయని కనుక్కున్నారు. అన్నిటికంటే ఘోరమైనది మరొకటి. ప్రమాదానికి ముందు రెండో రియాక్టరు శీతలీకరణ వలయంలోంచి ఎంత నీరు కారుతున్నదో కొలిచి రాసే లెక్కలను తారుమారు చేశారని 1983 నవంబరులో కేంద్ర ప్రభుత్వం కంపెనీ మీద నేరారోపణ చేసింది. 1984లో కంపెనీ ఒక నేరం ఒప్పుకున్నది; మరి ఆరు ఆరోపణలకు ఎదురు చెప్పనన్నది. జరిమానా 45,000 డాలర్లు, అత్యవసర రక్షణ ఏర్పాట్లకు పది లక్షల డాలర్లు.

అంటే ప్రజల భయం అణువును చూసి పుట్టిన భయం మాత్రమే కాదు. అది యాజమాన్యాన్ని చూసి పుట్టిన భయం. భయాన్ని అజ్ఞానంతో సమానం చేసే నిపుణులు ఈ తేడాను గమనించరు. పులిని చూడని పిల్లవాడి భయమూ, పులి నోటి నుంచి తప్పించుకున్నవాడి భయమూ ఒకటి కావు.

1982 మే 18న, పార్టీల ప్రాథమిక ఎన్నికలతో పాటు, డాఫిన్, కంబర్లాండ్, లెబనాన్ అనే మూడు కౌంటీల్లో మొదటి రియాక్టరు తిరిగి నడపటం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. వద్దన్నవాళ్లు కావాలన్నవాళ్లకు సుమారు రెండింతలు. ప్రజాస్వామ్య దేశాన్నని చెప్పుకునే చోట ఇంతకంటే స్పష్టంగా ప్రజలు ఏం చెప్పగలరు? అయితే ఆ ఓటింగు సలహా మాత్రమే. అణు విద్యుత్తు మీద భద్రతాధికారం పూర్తిగా కేంద్ర ప్రభుత్వానిది. ఓట్లు లెక్కపెట్టారు, పత్రికల్లో అచ్చువేశారు, అంతటితో సరి.

ఓటు పనిచెయ్యని చోట కోర్టు పనిచేస్తుందేమో చూద్దామనుకున్నారు. 1969 నాటి జాతీయ పర్యావరణ చట్టం ప్రకారం ప్రభుత్వం తన చర్యల వల్ల పరిసరాల మీద పడే ప్రభావాన్ని ముందుగా పరిశీలించాలి. రియాక్టరు తిరిగి నడిపితే తమకు కలిగే మానసిక హానిని కూడా పరిశీలించాలని మిడిల్‌టౌన్ సంఘం వాదించింది. 1982లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు దీన్ని ఆమోదించింది. 1983 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పును కొట్టివేసింది. తీర్పు రాసినవాడు జస్టిస్ రెన్‌క్విస్ట్. దాని సారాంశం ఇది: చట్టం పట్టించుకునేది భౌతిక పరిసరాల్లో వచ్చే మార్పును, దాని ఫలితాలను. ప్రమాదం జరగవచ్చునన్న అవకాశం భౌతిక పరిసరాల్లో మార్పు కాదు. ఆ అవకాశం తెలిసి మనుషులు కుమిలిపోతే ఆ కుమిలిపోవటం చట్టానికి చాలా దూరపు సంగతి.

ఈ తీర్పును తిట్టి ఊరుకోవటం సులభం. దానిలో బలమున్న చోటును చూడకపోవటం మాత్రం విమర్శ కాదు. ఎవరి భయాన్నయినా చట్టం తూకం వేస్తే, పేదల ఇళ్లు తమ వీధిలో కట్టవద్దనే ధనికుల భయాన్నీ తూకం వెయ్యవలసి వస్తుంది. నల్లవాళ్లు పక్కింట్లోకి వస్తే భయమనే తెల్లవాళ్ల వాదన అమెరికా చరిత్రలో కొత్తది కాదు. కనుక ఉత్త భయం హక్కు కాజాలదు. కాని మిడిల్‌టౌన్ ప్రజలది ఉత్త భయమా? దాని వెనక నిజంగా జరిగిన ప్రమాదం ఉన్నది, దాచిపెట్టిన హెచ్చరికలున్నాయి. పక్షపాతాన్నీ అనుభవాన్నీ వేరుచేసి చూడటమే న్యాయస్థానం పని. ఆ పని చెయ్యకుండా రెంటికీ ఒకే తలుపు మూసింది. ఆ మూసిన తలుపు వెనక, భౌతికంగా కొలవగలిగిన దాన్ని కొలిచే అధికారం నిపుణులకూ, నిర్ణయించే అధికారం కమిషన్‌కూ మిగిలాయి. భరించటం ప్రజల వంతు.

తక్కిన కథ త్వరగా చెప్పవచ్చు. 1985 మే 29న కమిషన్ నలుగురి ఓట్లతో రియాక్టరు నడపటానికి అనుమతించింది. జేమ్స్ ఆసెల్‌స్టైన్ ఒక్కడే విభేదించాడు. రాష్ట్ర ప్రభుత్వమూ ప్రజాసంఘాలూ మళ్లీ కోర్టుకెక్కితే కొద్ది నెలలు స్టే వచ్చింది. అక్టోబరు 2న సుప్రీంకోర్టు ఆ స్టే పొడిగించటానికి నిరాకరించింది. మర్నాడే రియాక్టరు నడిచింది. అక్కడి నుంచి ముప్ఫై నాలుగేళ్లు నడిచింది. అంత పెద్ద ప్రమాదం మళ్లీ జరగలేదు. విచారణల్లో ప్రజలు నిలదియ్యటం వల్ల శిక్షణా, పరికరాలూ, పర్యవేక్షణా మెరుగుపడటానికి ఎంతో కొంత తోడ్పాటు లభించిందన్నది మరువకూడదు. తర్వాత ఏ ప్రమాదమూ రాలేదు గనక ఆనాడు వద్దన్నవాళ్లు తెలివితక్కువవాళ్లని వాదించేవాళ్లు ఈ సంగతి దాటవేస్తారు.

ఇంతవరకూ చదివిన పాఠకుడు, ఇదంతా పెట్టుబడిదారీ వ్యవస్థ స్వభావం, సొంత ఆస్తి ఉన్నచోట ఇంతేనని తేల్చివెయ్యవచ్చు. తొందరపడకూడదు. త్రీ మైల్ ఐలాండ్ రియాక్టరు తిరిగి నడిచిన ఏడు నెలలకు, 1986 ఏప్రిల్ 26న, సోవియట్ యుక్రెయిన్‌లో చెర్నోబిల్ నాలుగో రియాక్టరు పేలింది. అక్కడ లాభం కోరే కంపెనీ లేదు. ఆ ప్రమాదం త్రీ మైల్ ఐలాండ్‌తో పోల్చరానంత పెద్దది. పక్కనున్న ప్రిప్యాత్ పట్టణం మొత్తం ఖాళీ అయింది. అయినా మొదటి రియాక్టరును అదే సంవత్సరం అక్టోబరులో, రెండోదాన్ని నవంబరులో, పేలిన రియాక్టరుకు ఆనుకుని ఉన్న మూడోదాన్ని 1987 డిసెంబరులో తిరిగి నడిపారు. బహిరంగ విచారణ లేదు, అభిప్రాయ సేకరణ లేదు, కోర్టులో వ్యాజ్యం వేసే దారి లేదు. దేశానికి కరెంటు కావాలి, ప్రణాళిక నెరవేరాలి, అదే వాదన. అమెరికాలో ప్రజల మాట విని పక్కనపెట్టారు. ఇక్కడ వినటం కూడా జరగలేదు. ప్రజల పేర ఆస్తి ఉన్నంత మాత్రాన ప్రజల చేతిలో అధికారం ఉన్నట్టు కాదని వామపక్షం వాళ్లు ఎవరికంటే ముందు గుర్తించవలసిన పాఠమిది. చెర్నోబిల్‌లో చివరి రియాక్టరు 2000 డిసెంబరు 15న గాని ఆగలేదు.

మూడో ఉదాహరణ ఈ రెండింటి మీదా వెలుగు వేస్తుంది. కాలిఫోర్నియాలో శాక్రమెంటో నగరానికి దగ్గర రాంచో సెకో అనే కేంద్రం ఉండేది. దాని రియాక్టరు తయారుచేసింది కూడా బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ కంపెనీయే. 1985 డిసెంబరు 26న అక్కడ నియంత్రణ వ్యవస్థకు కరెంటు పోయి రియాక్టరు ప్రమాదకరంగా చల్లబడింది. రెండేళ్లకు పైగా మూతపడి, ఎంతో ఖర్చుతో బాగుచేయించుకుని, 1988లో తిరిగి నడిచింది. అక్కడి జనం కూడా వద్దన్నారు. కొందరికి ప్రమాద భయం, మరికొందరికి పెరుగుతున్న కరెంటు బిల్లుల బాధ. 1989 జూన్ 6న ఓటింగు జరిగింది. మూసివెయ్యాలన్నవాళ్లు నూటికి 53 మందికి పైగా. త్రీ మైల్ ఐలాండ్ దగ్గర వచ్చిన మెజారిటీతో పోలిస్తే ఇది స్వల్పం. అయినా మర్నాడు రియాక్టరు ఆగిపోయింది, మళ్లీ నడవలేదు. తేడా ఎక్కడున్నది? శాక్రమెంటోలో విద్యుత్ సంస్థ ఆ ప్రాంత ప్రజలది; దాని పాలకవర్గాన్ని ఎన్నుకునేది వాడుకదారులు. అక్కడ ఓటువేసింది యజమానులు. త్రీ మైల్ ఐలాండ్ దగ్గర ఓటువేసింది ఇరుగుపొరుగువాళ్లు.

ఈ మూడూ పక్కపక్కన పెడితే తేలేది ఇది. ప్రైవేటు ఆస్తి ఉన్నచోట ప్రజలకు మాట్లాడే హక్కున్నా ఆపే హక్కు లేదు. ప్రభుత్వ ఆస్తి ఉండి ప్రజాస్వామ్యం లేనిచోట ఆ మాట్లాడే హక్కూ లేదు. ఆస్తి ప్రజలదై, దాని నిర్వహణ ప్రజలు ఎన్నుకున్నవాళ్ల చేతిలో ఉన్నచోట ఓటుకు బలం వచ్చింది.

త్రీ మైల్ ఐలాండ్ మొదటి రియాక్టరు చివరికి ఆగింది. 1982 ఓటు చెయ్యలేని పని 2019లో ధర చేసింది. సహజవాయువుతో తయారయ్యే కరెంటు చవకైంది. అప్పటి యజమాని ఎక్సెలాన్ కంపెనీ రాష్ట్ర సహాయం కోరింది, దొరకలేదు. 2019 సెప్టెంబరు 20న మూసివేసింది. లైసెన్సు మరో పదిహేనేళ్లు ఉన్నది. ఆనాడు వీధిన పడ్డ ఉద్యోగులను కూడా ఎవరూ అడగలేదు. సరిగ్గా అయిదేళ్లకు, 2024 సెప్టెంబరులో, దాన్ని తిరిగి నడుపుతామని కాన్‌స్టెలేషన్ కంపెనీ ప్రకటించింది. దాని కరెంటును ఇరవై ఏళ్లపాటు కొనటానికి మైక్రోసాఫ్ట్ కంపెనీ ఒప్పందం చేసుకున్నది. కృత్రిమ మేధకు, డేటా కేంద్రాలకు కరెంటు ఆకలి తీరటం లేదు. 2025 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఇందుకు వంద కోట్ల డాలర్ల అప్పు ప్రకటించింది. కేంద్రం పేరు కూడా మార్చి, ఎక్సెలాన్ మాజీ అధిపతి క్రేన్ పేరు పెట్టారు. పేరు మారితే జ్ఞాపకం మారుతుందని ఆశ కాబోలు.

బొగ్గుపొగ భూగోళాన్ని వేడెక్కిస్తున్న ఈ కాలంలో అణు విద్యుత్తు అవసరమనే వాదనను చిటికెలో తోసిపుచ్చలేం. నిర్మాణ కార్మికుల సంఘాలు ఈ పునఃప్రారంభాన్ని ఆహ్వానించటంలో ఉన్న బతుకు సమస్యనూ తక్కువ చెయ్యలేం. పాత వ్యతిరేకులు ఇప్పటికీ అభ్యంతరం చెబుతున్నారు. వాళ్ల ఇరుగుపొరుగుల్లో చాలామంది ఈసారి సమ్మతిస్తున్నారు. ఎవరిది సరైన అభిప్రాయమో దూరాన కూర్చుని మనం తీర్పు చెప్పనక్కర్లేదు. చెప్పవలసినవాళ్లకు తీర్పు చెప్పే అధికారం ఈసారీ లేదన్నదే మన అభ్యంతరం. మూసినప్పుడు వాయువు ధర నిర్ణయించింది, తెరుస్తున్నప్పుడు డేటా కేంద్రాల గిరాకీ నిర్ణయించింది. ఎవరి పొలాల మీదుగా, ఎవరి బడుల మీదుగా ఆ గాలి వీస్తుందో వాళ్లు ఈ రెండు సార్లూ ప్రేక్షకులే.

కొవ్వాడ తీరంలో అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఎదుర్కొన్న తెలుగు ప్రజలకు ఈ చరిత్ర పరాయిది కాదు. యంత్రం మంచిదా, చెడ్డదా అన్న చర్చ అవసరమే. దానితో పాటు మరి మూడు ప్రశ్నలు ముందుగా అడగాలి. ప్రమాదాల గురించి కంపెనీకీ ప్రభుత్వానికీ తెలిసినదంతా ప్రజలకు తెలుస్తుందా? ఆ సమాచారాన్ని పరీక్షించటానికి ప్రజలు ఎంచుకున్న నిపుణులను ప్రజల ఖర్చుతో నియమిస్తారా? అంతా విన్న తర్వాత ప్రజలు వద్దంటే, ఆ మాటకు చట్టబలం ఉంటుందా? మిడిల్‌టౌన్ ప్రజలు మొదటిదాన్ని పోరాడి కొంత సాధించుకున్నారు. రెండోదాన్ని తమ నిద్రలేని రాత్రులతో తామే పూరించుకున్నారు. మూడోది వాళ్లకు దక్కలేదు. మూడోది లేకుండా మొదటి రెండూ ఎంతకాలం నిలుస్తాయో ఆలోచించవలసి ఉన్నది.